మూడు ముళ్ళ దగ్గర ఆగిపోయిన బొమ్మ!

బాన్సువాడ అనగానే మీకెవరు గుర్తొస్తారో నాకు తెలుసు లెండి... భానుమతి!

2017 జూలైలో శేఖర్ కమ్ముల ‘ఫిదా’ వచ్చిన దగ్గర్నుంచి మా ఊరి పేరు చెబితే చాలు, ఎదుటివాళ్ళ ముఖం మతాబాలా వెలుగుతుంది. “ఓహో! సాయిపల్లవి వాళ్ళ ఊరా?” అంటారు. అయ్యా, సాయిపల్లవిది మా ఊరు కాదు, ఆమె వేసిన భానుమతి పాత్రది మా ఊరు అని మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఔనని తల ఊపేస్తున్నాను. నష్టమేముంది? అంతకుముందు మా ఊరు ఎక్కడుందో చెప్పాలంటే నిజాంసాగర్ పేరూ, మంజీర పేరూ, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పేరూ అన్నీ ఏకరువు పెట్టినా అవతలివాళ్ళకి అంతుబట్టేది కాదు.

ఆ సినిమా నాకు చేసిన ఉపకారం ఇంకొకటుంది. నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి పొట్టపోసుకునేవాణ్ణి. ‘ఫిదా’ తర్వాత మా చుట్టుపక్కల ప్రతి పెళ్ళికూతురూ పొలం గట్టుమీద నడవాలి, ట్రాక్టరెక్కాలి, వెనకాల పచ్చటి వరి ఊగాలి! ఒకప్పుడు పెళ్ళి క్యాసెట్టు అంటే మూడు గంటలసేపు భోజనాల పంక్తి చూపించేవాళ్ళు. ఇప్పుడు ఇరవై నిమిషాల సినిమా కావాలంటున్నారు. సినిమా కావాలంటే ఎడిటింగు కావాలి. ఎడిటింగు కావాలంటే... అదిగో, అక్కడే మొదలైంది నా కథ.

మన పెద్ద ఎడిటర్లు ఒకప్పుడు మూవియోలా మీద ఫిల్ము కత్తిరించి అతికించేవాళ్ళని మీరు చదివే ఉంటారు. ఆ యంత్రం పుట్టింది 1924లో. కంప్యూటర్లు వచ్చాక కత్తెర పోయింది. 2003లో వచ్చిన ‘కోల్డ్ మౌంటెన్’ అనే హాలీవుడ్ చిత్రాన్ని వాల్టర్ మర్చ్ అనే మహానుభావుడు ఫైనల్ కట్ ప్రో అనే సాఫ్ట్‌వేర్ మీద ఎడిట్ చేసి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు. బజార్లో దొరికే మామూలు ఆపిల్ కంప్యూటర్ మీద అంత పెద్ద సినిమా కోయడమా అని అప్పట్లో అందరూ నోళ్ళు తెరిచారట. నేనూ ఆ ఫైనల్ కట్ భక్తుణ్ణే. కానీ చిక్కేమిటంటే, అప్పట్లో అది ఆపిల్ వారి మాక్ మీద తప్ప ఇంకెక్కడా నడిచేది కాదు. మాక్ కొనాలంటే ఎన్ని పెళ్ళిళ్ళు కోయాలో లెక్కేసి చూసుకున్నాను. నా పెళ్ళి వాయిదా పడేలా ఉంది!

అందుకని 2019లో హ్యాకింతోష్ కట్టాను.

మారువేషం

హ్యాకింతోష్ అంటే ఏమీ లేదు. హ్యాక్, మాకింతోష్ అన్న రెండు మాటలు కలిపితే వచ్చిన ముద్దుపేరు. 2005 జూన్‌లో స్టీవ్ జాబ్స్ వేదికెక్కి, ఇకనుంచి మా కంప్యూటర్లలో ఇంటెల్ చిప్పులు వాడతామని ప్రకటించాడు. 2006 జనవరిలో అవి బజారుకొచ్చాయి. ఇంకేం! మన ఇంట్లో ఉన్న డబ్బాలోనూ ఇంటెల్ చిప్పే, వాళ్ళ అందాల పెట్టెలోనూ ఇంటెల్ చిప్పే. మరి వాళ్ళ సాఫ్ట్‌వేర్ మన డబ్బాలో ఎందుకు నడవదూ అని కుర్రాళ్ళకి పట్టుదల పుట్టింది. మామూలు కంప్యూటరుకి మాక్ వేషం వేయించి రంగస్థలం ఎక్కించారు. ‘రాముడు భీముడు’ (1964)లో ఎన్టీఆర్ ఒకరి ఇంట్లోకి ఇంకొకరుగా వెళ్ళి కూర్చోలేదూ? అదే ఇది. నా డబ్బా లోపల ఉన్న కాగితాల్లో ‘నేను 2019 ఐమాక్‌ని’ అని రాసిపెట్టి ఉంటుంది. మాక్ సాఫ్ట్‌వేర్ అది చదువుకుని, నిజమే కాబోలనుకుని లోపలికొస్తుంది.

ఇందులో ఒక మాట దాచకూడదు. ఆపిల్ వారి లైసెన్సు ప్రకారం వాళ్ళ సాఫ్ట్‌వేర్ వాళ్ళ యంత్రం మీదే నడవాలి. అమెరికాలో సైస్టార్ అనే కంపెనీ 2008లో ఇలాంటి డబ్బాలు అమ్మకానికి పెడితే ఆపిల్ కోర్టుకెక్కింది. 2009లో గెలిచింది కూడా. ఫైనల్ కట్ నేను డబ్బు పెట్టి కొన్నదే గానీ, వేషం మాత్రం వేషమే. తప్పా ఒప్పా అంటే లైసెన్సు కాగితం ప్రకారం తప్పే. మారువేషంలో ఉన్నవాడు ఎప్పుడు దొరికిపోతాడో అన్న భయం సినిమాలో ఎలా ఉంటుందో, ఈ డబ్బాతో కాపురం కూడా అలాగే ఉంటుంది. ఒక్క అప్‌డేట్ చాలు, మీసం ఊడిపోవడానికి.

విడిభాగాలన్నీ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నాను. ఇంటెల్ తొమ్మిదో తరం ఐ7, జెడ్ 390 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 32 జిబి ర్యామ్, ఆర్ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాను. మాక్ వేయడానికి పెన్‌డ్రైవ్ తయారుచేసి, నీలం రంగు యుఎస్‌బి రంధ్రంలో పెట్టి మీట నొక్కితే కాస్త దూరం వెళ్ళి ప్రవేశం లేదన్నట్టు అడ్డగీత ఉన్న గుండ్రటి గుర్తు వచ్చి ఆగిపోయింది. కృష్ణానగర్‌లో నాకు గురువులాంటి ఎడిటర్ అన్న ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఫోన్ చేశాను.

“నీలం దాంట్ల పెట్టినవా? తీసి నల్ల దాంట్ల పెట్టు” అన్నాడు.

పెట్టాను. గుర్తు మాయం! మాక్ లోపలికొచ్చేసింది. అప్పుడే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. “ఇప్పటికి ఒక సెట్టింగ్ ఆన్ చేస్తున్న. ఇది తాత్కాలికమే. తీరిక దొరికినంక కూసోని పోర్టులన్నీ మ్యాపింగ్ చేసుకో. మర్చిపోకు.”

చేస్తానన్నా. రెండేళ్ళు గడిచాయి. చేయలేదు. ఈ కథలో విలన్ ఎవరని మీరెవరైనా అడిగితే, ఇదిగో, అప్పుడే తేలిపోయింది.

2021 మే

ఇప్పుడు అసలు సంగతి. మా మేనమామ దుబాయ్‌లో ఉంటాడు. మా నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో గల్ఫ్‌కి పోని ఇల్లు వెతకాలి లెండి. ఆయన ఒక్కగానొక్క కూతురి పెళ్ళి 2021 మే ఆఖరు వారంలో నిశ్చయమైంది. (అవును, నాకు మరదలే. మీరనుకునేది నాకు అర్థమైంది. పెళ్ళికొడుకుని నేను కాదు. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.)

అది కరోనా రెండో విడత కాలం. ఏప్రిల్ 24 రాత్రి నుంచి ఇండియా ప్రయాణికులు తమ దేశంలోకి రాకుండా ఎమిరేట్స్ వాళ్ళు తలుపు మూసేశారు. మామ ఇంటికి రావచ్చు. కానీ వస్తే తిరిగి పోలేడు. పోకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే పెళ్ళికి చేసిన అప్పు తీరదు. ఇంట్లో నాలుగు రోజులు ఏడ్చి, ఐదో రోజు ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. “నేను రాను. లగ్గం ఆపొద్దు. అల్లుడు వీడియో తీపిస్తడు గదా, చూస్త.”

మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకానే సడలింపు. పెళ్ళికి 40 మంది మించకూడదు. ఇంటి ముందు చిన్న పందిరి, మూతులకి మాస్కులు, ఎండ. మామకి ప్రత్యక్షంగా చూపిద్దామని ఫోన్ పెట్టాం. ఆ దేశంలో వాట్సాప్ వీడియో కాల్ నడవదు, బోటిమ్ అనే దాంట్లో మాట్లాడాలి. జీలకర్ర బెల్లం దాకా బాగానే వచ్చింది. సరిగ్గా మూడు ముళ్ళ దగ్గర... బొమ్మ ఆగిపోయింది! పెళ్ళికొడుకు చేతులు గాల్లో ఉన్నాయి, తాళి ఆయన చేతిలోనే ఉంది. అలాగే బిగుసుకుపోయింది ఫోను. మళ్ళీ కలిసేసరికి తలంబ్రాలు పోసుకుంటున్నారు. మామ ఏమీ అనలేదు. “మంచిగున్నది బిడ్డా” అన్నాడంతే. గొంతు మాత్రం అక్కడ లేదు.

జూన్ 4 శుక్రవారం నాటికి మొత్తం సినిమా పంపుతానని నేను మాటిచ్చాను. అప్పట్లో అక్కడ వారపు సెలవు శుక్రవారమే. క్యాంపు గదిలో ఉన్నవాళ్ళందరితో కలిసి చూస్తానన్నాడు.

మే 31 సోమవారం రాత్రికి ముప్పాతిక వంతు కోత అయిపోయింది. రెండు కెమెరాల రష్ అంతా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉంది. నిద్రకళ్ళతో ఉండగా తెర మూలన ఒక చీటీ ప్రత్యక్షమైంది. మాక్ కొత్త అప్‌డేట్, 11.4. రోజూ వచ్చే చీటీ! రోజూ కాదు పొమ్మనే నేను ఆ రాత్రి, ఏం పుట్టిందో ఏమో, సరే అని నొక్కి పడుకున్నాను.

పొద్దున లేచి చూద్దును గదా... ఆపిల్ బొమ్మ వస్తోంది, కింద గీత సగం దాకా నిండుతోంది, తెర నల్లబడుతోంది, మళ్ళీ మొదటికొస్తోంది. ఆపిల్ బొమ్మ, గీత, నలుపు. ఆపిల్ బొమ్మ, గీత, నలుపు. పాపం, రాత్రంతా గానుగెద్దులా తిరుగుతూనే ఉన్నట్టుంది!

తప్పుడు సాక్షులు

డిటెక్టివ్ సినిమాల్లో మొదట అనుమానించినవాడు హంతకుడు కాడన్నది మీకు తెలిసిందే. నేను మాత్రం వరసగా అమాయకులందర్నీ పట్టుకుని కొట్టాను.

మొదటి ముద్దాయి ర్యామ్. తీసి, రబ్బరుతో దాని బంగారు పళ్ళు తోమి, మళ్ళీ పెట్టాను. ఫలితం సున్నా. రెండో ముద్దాయి మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సిఆర్ 2032. గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర కొత్తది కొనుక్కొచ్చి వేశాను. వేశాక తెలిసింది నేను చేసిన ఘనకార్యం. ఆ బ్యాటరీ తీస్తే బోర్డు తన సెట్టింగులన్నీ మరిచిపోయి పుట్టినరోజు నాటి స్థితికి వెళ్ళిపోతుంది. మాక్ వేషానికి కావలసిన మేకప్ అంతా ఆ సెట్టింగుల్లోనే ఉంది మరి! ఇప్పుడు ఆపిల్ బొమ్మ కూడా రావడం లేదు. ఒక రోగం ఉన్నవాడికి రెండో రోగం తగిలించాను.

అదృష్టం కొద్దీ, 2019లో ఆ సెట్టింగుల తెరని ఫోనుతో ఫోటో తీసుకున్నాను. ఎవరెవరి పెళ్ళిళ్ళో, ఎవరెవరి బారసాలలో దాటుకుంటూ పోతే రెండేళ్ళ వెనక దొరికింది. ఫాస్ట్ బూట్ ఆఫ్. సిఎస్ఎమ్ ఆఫ్. సెక్యూర్ బూట్ ఆఫ్. విటి-డి ఆఫ్. సిఎఫ్‌జి లాక్ ఆఫ్. ఎక్స్‌హెచ్‌సిఐ హ్యాండాఫ్ ఆన్. ఒక్కొక్కటీ మార్చి చూస్తే... ఆపిల్ బొమ్మ, గీత, నలుపు! పాత రోగం తిరిగొచ్చిందని గంతులేసిన రోగి లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇక లాభం లేదని కృష్ణానగర్ అన్నకి ఫోన్ కొట్టాను. ఆయన హలో కూడా అనకుండా మొత్తం విని ఒకటే అడిగాడు.

“నిన్న రాత్రి దాకా నడిసింది గదా. నడిసినంక నువ్వేం మార్చినవ్?”

“అప్‌డేట్ కొట్టిన అన్నా.”

అవతల కాసేపు నిశ్శబ్దం.

“మూడు దినాల్ల పని ఇయ్యాల్సి ఉండంగ అప్‌డేట్ కొట్టినవా? నీకెవ్వడు నేర్పిండురా ఎడిటింగ్?”

నేర్పింది ఆయనే. కానీ సమయం కాదని ఊరుకున్నాను.

“సరే. మొజావే వేసిన పాత డిస్క్ ఉండెగా? పారేసినవా?”

లేదు, డ్రాయర్లో ఉంది. 2018 నాటి మాక్ అది. దాన్ని తగిలించి మీట నొక్కితే పువ్వులా తెరుచుకుంది! అదే ర్యామ్, అదే బ్యాటరీ, అదే బోర్డు, అదే బూట్ సాఫ్ట్‌వేర్. అంటే యంత్రంలో ఏ లోపమూ లేదన్నమాట. కొత్త 11.4కీ, మా సెట్టింగుల్లో ఏదో ఒకదానికీ పొత్తు కుదరడం లేదు. ఈ ఒక్క పరీక్ష పొద్దున్నే చేసి ఉంటే ర్యామ్‌కి అనవసరంగా పళ్ళు తోమే బాధ తప్పేది.

మరి మొజావేలోనే పని పూర్తిచేయొచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను. ఫైనల్ కట్ కొత్త వెర్షన్‌లో మొదలుపెట్టిన ప్రాజెక్టుని పాత వెర్షన్ తెరవదు. కొత్త వెర్షన్ మొజావేలో ఎక్కదు. దారి మూసుకుపోయింది.

పదిహేను టికెట్లు

ఇప్పుడు కొంచెం ఓపిక పట్టండి, అసలు గుట్టు చెబుతాను. కంప్యూటర్ తెరుచుకోవడం అంటే సినిమా హాల్లో ఆట మొదలవడమే. మీట నొక్కగానే బోర్డు లోపలి ఫర్మ్‌వేర్ లేస్తుంది. ఆయన హాలు మేనేజరు. లైట్లున్నాయా, పంకాలున్నాయా చూసుకుని ఆపరేటర్ని పిలుస్తాడు. మా డబ్బాలో ఆ ఆపరేటర్ పేరు ఓపెన్‌కోర్. అతను కాన్ఫిగ్ అనే ఫైలు చూసుకుని, ఎవరికి ఏ వేషమో, ఏ సాయం కావాలో అన్నీ సర్ది, అప్పుడు హీరోగారిని, అంటే మాక్ కెర్నెల్‌ని, తెరమీదికి వదులుతాడు. నాకు ఓపెన్‌కోర్ మెనూ కనిపిస్తూనే ఉంది. అంటే మేనేజరూ, ఆపరేటరూ నిక్షేపంగా ఉన్నారు. హీరో వచ్చాకే గొడవ.

ఆ గొడవ యుఎస్‌బి దగ్గర. 2015లో వచ్చిన ఎల్ క్యాపిటన్ నుంచి మాక్ ఒక నిబంధన పెట్టింది. ఒక్కో యుఎస్‌బి కంట్రోలర్‌కి 15 పోర్టులే. అసలు మాక్‌లకి అన్ని రంధ్రాలు ఉండవు గనక వాళ్ళకి బాధ లేదు. మన డబ్బాలకి వెనకా ముందూ అన్నీ రంధ్రాలే! పైగా ఇంకో తిరకాసు. నీలం రంధ్రం పైకి ఒకటే కనిపిస్తుంది గానీ లోపల రెండు పేర్లతో ఉంటుంది. పాత యుఎస్‌బి 2 వస్తువు పెడితే ఒక పేరు, వేగంగా పోయే యుఎస్‌బి 3 వస్తువు పెడితే ఇంకో పేరు. ద్విపాత్రాభినయం అన్నమాట! రెండు పాత్రలకీ రెండు టికెట్లు. జెడ్ 390 లెక్కలో ఆ పేర్లు 26 ఉన్నాయి. టికెట్లేమో 15.

2019లో అన్న ఆన్ చేసిన ‘తాత్కాలిక’ సెట్టింగు ఏమిటో తెలుసా? ఆ 15 హద్దుని చెరిపేసేది. ఎక్స్‌హెచ్‌సిఐ పోర్ట్ లిమిట్ అంటారు. అంటే టికెట్ లేనివాళ్ళని కూడా పక్క తలుపులోంచి లోపలికి పంపడం. రెండేళ్ళు దర్జాగా నడిచింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 11.3 నుంచి ఆ పక్క తలుపు మూతపడింది. మూతపడ్డ తలుపు మీద ఈ సెట్టింగు వెళ్ళి గుద్దుకుంటే యంత్రం తిరిగి మొదటికొచ్చేస్తుంది. ఆపిల్ బొమ్మ, గీత, నలుపు... అదీ సంగతి!

“ఆ సెట్టింగ్ ఆఫ్ చెయ్. అసల్ డిస్క్ మీద చెయ్యకు, పెన్‌డ్రైవ్ మీద ఇఎఫ్‌ఐ ఫోల్డర్ కాపీ చేస్కొని దాంట్ల చెయ్” అన్నాడు అన్న. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్ 32గా ఫార్మాట్ చేసి, ఆ ఫోల్డర్ వేసి, సెట్టింగు తీసేసి, దాంతో బూట్ చేశాను. గీత సగం దాటింది... ముప్పావు దాటింది... నిండింది! 11.4 తెరుచుకుంది. బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకి మా ఇంట్లో ఈల వేశాను.

ఆ ఈల నోట్లోంచి పూర్తిగా రాకముందే ఆగిపోయింది. పెళ్ళి రష్ ఉన్న హార్డ్ డిస్క్ కనిపించడం లేదు!

తీశాను, పెట్టాను. ఇంకో నీలం రంధ్రం. ఇంకోటి. దీపం వెలుగుతోంది, తెర మీద మాత్రం లేదు. నా గుండె ఎన్నిసార్లు ఆగిందో చెప్పలేను. ఆ పెళ్ళి మళ్ళీ జరగదు కదండీ! రెండో కాపీ తీసుకున్నావా అని ఇప్పుడు మీరు అడుగుతున్నారు చూశారా, ఆ ప్రశ్న నేనూ నన్ను అప్పుడే మొట్టమొదటిసారి అడుగుకున్నాను. పక్కింటి తమ్ముడి ల్యాప్‌టాప్ అడుక్కొచ్చి దానికి పెడితే... ఉంది. అంతా ఉంది. కాసేపు అలా కూర్చుండిపోయాను. లేచి చేసిన మొదటి పని ఆ తమ్ముడి ల్యాప్‌టాప్‌లోకి మూడు ముళ్ళ భాగం కాపీ చేయడం.

ఎందుకు కనిపించలేదంటే, పక్క తలుపు మూశాం గనక ముందు నిలబడ్డ 15 మందికే టికెట్లు దొరికాయి. వరసలో ముందు నిలబడ్డవి యుఎస్‌బి 2 పేర్లు, 14. వేగం పేర్లన్నీ వెనక. హౌస్ ఫుల్! కీబోర్డూ మౌసూ లోపల, పెళ్ళి డిస్క్ బయట.

(ఇక్కడో సంగతి. నెల తర్వాత మాటల్లో అన్న చెప్పాడు. ఆ డిస్కుకి దాని వెడల్పాటి వైరు బదులు, పాత ఫోన్లకి వాడే మామూలు మైక్రో యుఎస్‌బి వైరు పెట్టినా ఎక్కుతుందట. అప్పుడది యుఎస్‌బి 2గా, నెమ్మదిగానైనా కనిపించేదట! మరి ఆ రోజు చెప్పలేదేం అన్నాను. “నువ్వు అడగలే” అన్నాడు.)

నోటుబుక్కు

బుధవారం రాత్రి, రెండేళ్ళ కిందటే చేయాల్సిన పనికి కూర్చున్నాను. మళ్ళీ మొజావేలోకి వెళ్ళాను. అక్కడ పక్క తలుపు తెరిచే ఉంటుంది గనక 26 పేర్లూ కనిపిస్తాయి. ఒక యుఎస్‌బి 2 పెన్‌డ్రైవ్, ఒక యుఎస్‌బి 3 పెన్‌డ్రైవ్ చేతబట్టుకుని ప్రతి రంధ్రంలోనూ రెండూ మార్చి మార్చి పెట్టి, తెర మీద ఏ పేరు వెలుగుతోందో నోటుబుక్కులో రాసుకున్నాను. వెనక నీలంవి నాలుగు, అంటే ఎనిమిది పేర్లు. టైప్-సి ఒకటి, రెండు పేర్లు. వెనక నల్లవి రెండు. ముందు నీలంవి రెండు, నాలుగు పేర్లు. ముందు నల్లవి రెండు. లోపల బ్లూటూత్‌ది ఒకటి. దాన్ని ‘లోపలిది’ అని 255 అంకె వేసి ప్రత్యేకంగా గుర్తించాలి, లేకపోతే యంత్రం నిద్రపోతే సరిగ్గా లేవదు. మొత్తం 19. నలుగురికి టికెట్లు లేవు. ఎవర్ని పంపేయాలి?

టైప్-సి నేనెప్పుడూ వాడలేదు, అది పోయింది. వెనక నల్లవి రెండూ పాతకాలంవి, ఎందుకులే అని వాటినీ కొట్టేశాను. సరిగ్గా 15! ఆ జాబితాని ఒక చిన్న కెక్స్ట్‌గా తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేశాను. మెనూ వచ్చింది. కీబోర్డుతో 11.4 ఎంచుకున్నాను. తెరుచుకుంది. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను.

ఏమీ పడలేదు. మౌస్ కదిపాను. కదల్లేదు.

ఇదేం చోద్యం! అర నిమిషం కిందట మెనూలో పనిచేసిన కీబోర్డు ఇప్పుడెలా చచ్చిపోయింది? మెనూ దగ్గర కీబోర్డుని చూసుకునేది హాలు మేనేజరు, ఫర్మ్‌వేర్. ఆయనకి ఈ టికెట్ల గొడవ లేదు. మాక్ వచ్చాక తాళాలు దాని చేతికొస్తాయి. దాని జాబితాలో పేరు లేనివాడు బయటికే. ఇదంతా తర్వాత అర్థమైంది లెండి. అప్పుడు మాత్రం గంటసేపు కాన్ఫిగ్ ఫైలు అటూ ఇటూ తిరగేస్తూ, మళ్ళీ మళ్ళీ బూట్ చేస్తూ జుట్టు పీక్కున్నాను. రాత్రి ఒంటిగంటకి అమ్మ చాయ్ తెచ్చింది. నా అవతారం చూసింది, డబ్బా వెనక్కి తొంగి చూసింది.

“గా వైరు తీసి ఇంకో దాంట్ల వెట్టరాదురా?” అంది.

కీబోర్డు, మౌస్ రెండూ వెనక నల్ల రంధ్రాల్లో ఉన్నాయి. నేను నా చేత్తో టికెట్లు చించేసిన ఆ రెండు!

తీసి ముందు నల్లవాటిలో పెట్టాను. పాస్‌వర్డ్ చుక్కలు టకటకా పడ్డాయి. పెళ్ళి డిస్క్ నీలం రంధ్రంలో పెట్టాను. రెండు క్షణాల్లో తెర మీద ప్రత్యక్షం! అమ్మ మాత్రం ఇదంతా గొప్ప విషయమేం కాదన్నట్టు గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

గురువారం పగలంతా, రాత్రంతా కోశాను. మూడు ముళ్ళ దగ్గర పాట ఆపేశాను. పంతులుగారి మంత్రం, మేళం, పక్కన మా అత్తమ్మ ఏడుపు, అంతే. మొదట ఆ ఏడుపు తీసేద్దామనుకున్నా, తర్వాత ఉంచేశాను. ఒక్క కట్ కూడా లేకుండా ఒకటే షాట్. వేరే కెమెరాలో ఇంకా అందమైన కోణం ఉంది. కానీ ఫోను ఎక్కడ ఆగిపోయిందో అక్కణ్ణుంచి మధ్యలో తెగకుండా చూడాలి కదా ఆయన!

శుక్రవారం పొద్దున పదకొండుకి అప్‌లోడ్ పూర్తయింది. అక్కడ తొమ్మిదిన్నర. లింకు పంపాను. ఒంటిగంట దాకా ఏ కబురూ లేదు. మళ్ళీ ఏం వచ్చిపడిందో అని నేను గదిలో తిరుగుతుంటే బోటిమ్ మోగింది.

“అల్లుడా.”

“మామా, చూసినవా? మంచిగొచ్చిందా?”

“చూసినం. రూమోళ్ళందరు చూసిండ్రు. కరీంనగర్ ఆయన ఒగాయన ఉన్నడు, ఆయనైతే మూడు ముళ్ళ కాడ నాలుగుసార్లు యెన్కకు తిప్పిపిచ్చిండు. ఆయన బిడ్డ లగ్గానికి గూడ పోలేదట.” కాసేపు ఆగి, “అత్త బాగ ఏడ్సిందా?” అన్నాడు.

“ఏడ్సింది మామా.”

“ఊఁ. తీసెయ్యలె, మంచిగ చేసినవ్” అని పెట్టేశాడు.

తర్వాతి సంవత్సరం సెలవు మీద వచ్చాడు. ఇప్పుడు ఈ హ్యాకింతోష్‌ల కాలం ముగింపుకొచ్చింది లెండి. 2020 నవంబరులోనే ఆపిల్ తన సొంత చిప్పులతో మాక్‌లు తెచ్చింది. ఇంటెల్ మాక్‌లకి టాహో వెర్షనే ఆఖరని 2025 జూన్‌లో చెప్పేసింది. ఇక వేషం వేయించడానికి వేషమే మిగల్లేదు. అయినా నా డబ్బా అదే బల్ల కింద ఉంది. ఏ రంధ్రంలో ఏం పెట్టాలో తెల్ల కాగితం ముక్కల మీద రాసి అంటించి పెట్టుకున్నాను. కీబోర్డు. మౌస్. పెళ్ళి డిస్క్, ఎవరూ ముట్టరాదు.

మామ నా గదికొచ్చి వంగి ఆ డబ్బాని చాలాసేపు చూశాడు. “గిదేనా?” అన్నాడు. ఔనన్నాను. కాగితం ముక్కలన్నీ ఒక్కొక్కటే చదివాడు. చదివి, జేబులోంచి తన ఫోనూ వైరూ తీసి, ‘ఎవరూ ముట్టరాదు’ అన్న దాంట్లో ఛార్జింగుకి పెట్టి, మంచం మీద నడుం వాల్చాడు.